ఫాల్కావ్‌ను ముంచింది మోకాలు ఒక్కటేనా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు, స్కూల్ టీమ్‌లో స్ట్రైకర్. కొలంబియా ఆటగాడు రాడమెల్ ఫాల్కావ్ అట్లెటికో మాడ్రిడ్‌కు ఆడినప్పటి గోల్స్ చూసి, ప్రపంచంలో ఇక వేరే స్ట్రైకరే లేడన్నట్టు ఉంటాడు. వాడి మేనమామేమో మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. "ఏడాదంతా ఆడి నాలుగు గోల్స్ కొట్టాడు, వాడూ ఒక స్ట్రైకరేనా" అని వెక్కిరిస్తాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరి మాట నిజం? మోకాలి గాయం వల్లే అతను పాడైపోయాడా?

సమాధానం:

ఇద్దరి మాటా నిజమేనండీ. మీ అబ్బాయి చూసింది 2011–13 నాటి ఫాల్కావ్‌ని. మీ బావమరిది చూసింది 2014–15 నాటి ఫాల్కావ్‌ని. పేరు అదే గానీ ఆ కాలు అది కాదు. అయితే ఇద్దరూ పట్టించుకోని ఫాల్కావ్ ఇంకొకడున్నాడు, 2016–17లో ఫ్రాన్స్ లీగ్ క్లబ్ మొనాకోకు ఆడినవాడు. మీ అబ్బాయికి చూపించాల్సింది అతణ్ణే అంటాను. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు నా సంగతి ఒక్క ముక్క. నేను జిల్లా స్థాయిలో ఫార్వర్డ్‌గా ఆడాను. 2008లో మోకాలి లిగమెంట్ తెగింది. ఏసీఎల్ అంటారే, అదే. తర్వాత ఆడింది ఆట కాదు, కాలక్షేపం. పదిహేనేళ్లకు పైగా సికింద్రాబాద్‌లో పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. అందుకని ఫాల్కావ్ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది. అది గుర్తుపెట్టుకునే చదవండి.

ఫాల్కావ్ 1986 ఫిబ్రవరి 10న కొలంబియాలోని కరీబియన్ తీర పట్టణం శాంటా మార్టాలో పుట్టాడు. తండ్రి కూడా ప్రొఫెషనల్ ఆటగాడే, డిఫెండర్. ఆయనకు బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ పాలో రాబర్టో ఫాల్కావ్ అంటే ప్రాణం, అందుకే కొడుక్కి ఆ పేరు. తండ్రి డిఫెండర్, పెట్టింది మిడ్‌ఫీల్డర్ పేరు, పిల్లాడేమో స్ట్రైకర్ అయి కూర్చున్నాడు! 1999లో లాన్సెరోస్ బోయాకా అనే క్లబ్ తరఫున కొలంబియా రెండో డివిజన్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి నిండా పద్నాలుగేళ్లు లేవు. పదిహేనేళ్లకు అర్జెంటీనాలో రివర్ ప్లేట్ అకాడమీకి వెళ్లాడు, అంటే ఇప్పుడు మీ అబ్బాయి వయసులోనే. బ్యూనస్ ఐరిస్‌లో ఆడుతూనే జర్నలిజం చదివాడు. "ఎల్ తిగ్రె", అంటే పులి, అనే ముద్దుపేరు కూడా అక్కడి తోటి ఆటగాళ్లు పెట్టిందే.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 2005లో రివర్ మొదటి జట్టులోకి వచ్చి గోల్స్ కొడుతున్న ఊపులోనే అతని మోకాలి లిగమెంట్ దెబ్బతింది. 2006లో చాలా భాగం ఆటకు దూరంగానే గడిచింది. అప్పుడతనికి ఇరవయ్యేళ్లు. అంటే మీరడిగిన మోకాలి గాయం, 2014లో జరిగింది, మొదటిది కాదు. ఆ తర్వాత కోలుకుని 2008లో రివర్‌తో లీగ్ గెలిచి, 2009లో పోర్చుగల్‌కు, పోర్టో క్లబ్‌కు వెళ్లాడు.

పోర్టో వ్యాపారం అప్పట్లో చూసి తీరాల్సిందే. దక్షిణ అమెరికాలో ఇంకా పేరు రాని కుర్రాళ్లను తక్కువ ధరకు కొని, రెండు మూడేళ్లు ఆడించి, పెద్ద క్లబ్బులకు అమ్మడం. ఫాల్కావ్‌ను లిసాండ్రో లోపెస్ ఖాళీ చేసిన స్థానంలో తెచ్చుకున్నారు. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 25 గోల్స్. రెండో సీజన్, 2010–11, ఇంకో ఎత్తు. ఆండ్రే విలాస్-బోయాస్ కోచ్‌గా పోర్టో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచింది, పోర్చుగల్ కప్ గెలిచింది, యూరప్ క్లబ్బుల పోటీల్లో చాంపియన్స్ లీగ్ తర్వాత రెండోదైన యూరోపా లీగ్ కూడా గెలిచింది. ఆ యూరోపా లీగ్‌లో ఫాల్కావ్ 17 గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఒక సీజన్ రికార్డు జర్మనీ స్ట్రైకర్ యుర్గెన్ క్లిన్స్‌మన్‌ది, 15. సెమీఫైనల్లో విల్లారియల్ మీద సగం ఆట అయ్యేసరికి పోర్టో 0–1తో వెనకబడి ఉంది. ఆట ముగిసేసరికి 5–1. అందులో నాలుగు ఫాల్కావ్‌వే. డబ్లిన్‌లో ఫైనల్ బ్రాగా మీద 1–0. ఆ ఒక్క గోల్ కూడా అతనిదే, విరామానికి కాస్త ముందు, కొలంబియా తోటి ఆటగాడు ఫ్రెడీ గ్వారిన్ పక్క నుంచి గోల్ ముందుకు వేసిన బాల్‌కు, అంటే క్రాస్‌కు, హెడర్.

ఆ హెడర్ దగ్గర కాసేపు ఆగుతాను. అతని ఆటంతా అందులోనే ఉంది.

ఫాల్కావ్ ఎత్తు 177 సెంటీమీటర్లు. యూరప్ సెంటర్ డిఫెండర్ల పక్కన నిలబడితే భుజాల దాకా వస్తాడేమో. అయినా తలతో అన్ని గోల్స్ ఎలా? మా పిల్లలను ఈ ప్రశ్న అడిగితే అందరూ "హై జంప్ సార్" అంటారు. జంప్ నిజమే, కానీ అది సగమే. మిగతా సగం నిలబడే చోటులో ఉంది. బాల్ రెక్క వైపు ఉన్నప్పుడు అతను డిఫెండర్ ముందు నిలబడడు, పక్కనా నిలబడడు. డిఫెండర్ మెడ తిప్పితే తప్ప కనబడని చోట, వెనక భుజం దగ్గర ఉంటాడు. బాల్‌ని చూస్తే ఇతను కనబడడు, ఇతన్ని చూస్తే బాల్ కనబడదు. క్రాస్ వేసేవాడు తలెత్తగానే దూరపు స్తంభం వైపు ఒక దొంగ అడుగు వేస్తాడు. డిఫెండర్ బరువు అటు వాలుతుంది. ఆ క్షణంలో దగ్గరి స్తంభానికి దూకుతాడు. అందరికన్నా పైకి ఎగరక్కర్లేదు, అందరికన్నా ముందు ఎగిరితే చాలు. డిఫెండర్ ఇంకా నేల మీద ఉండగానే ఇతని నుదురు బాల్‌కు తగిలి ఉంటుంది.

కాకపోతే దీనికి కాలు కావాలి. పరుగులో ఒక్కసారిగా ఆగడం, దిశ మార్చడం, వెంటనే ఒంటికాలి మీద ఎగరడం. మోకాలి మీద ఇంతకన్నా బరువు పెట్టే పని ఫుట్‌బాల్‌లో లేదు.

2011 ఆగస్టులో అట్లెటికో మాడ్రిడ్ అతణ్ణి నాలుగు కోట్ల యూరోలకు కొన్నది. సెర్హియో అగ్వెరో మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయాక ఆ ఖాళీ నింపడానికి. ఆ డిసెంబరులో డియెగో సిమియోనే కోచ్‌గా వచ్చాడు. మీ అబ్బాయి చూసే వీడియోలన్నీ ఈ రెండేళ్లవే. 2012 మే 9న బుకారెస్ట్‌లో యూరోపా లీగ్ ఫైనల్, అత్లెటిక్ బిల్బావ్ మీద 3–0, మొదటి రెండూ ఇతనివే. మొదటిది కుడివైపు నుంచి లోపలికి తిరిగి ఎడమకాలితో దూరపు మూలకు వంచి కొట్టాడు. ఇతను కుడికాలి ఆటగాడని గుర్తుంచుకోండి. ఆగస్టు 31న మొనాకోలో యూరోపియన్ సూపర్ కప్‌లో, అప్పటి చాంపియన్స్ లీగ్ విజేత చెల్సీ మీద, సగం ఆట అయ్యేలోపు హ్యాట్రిక్. స్కోరు 4–1. ఆ డిసెంబరులో డిపోర్టివో లా కొరున్యా మీద ఒకే మ్యాచ్‌లో అయిదు. 2012 సంవత్సరానికి, ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో ఎంపిక చేసే ప్రపంచ జట్టులో చోటు. రెండు సీజన్లలో లీగ్‌లో 24, 28. మొత్తం లెక్కేస్తే పోర్టోకు 87 మ్యాచ్‌ల్లో 72, అట్లెటికోకు 91 మ్యాచ్‌ల్లో 70. మెస్సీ, రొనాల్డో లేని కాలంలో పుట్టి ఉంటే ఈ అంకెలకు గుళ్లు కట్టేవాళ్లు.

అట్లెటికోకు అతను ఆడిన చివరి పెద్ద మ్యాచ్ మాత్రం గోల్ లేనిదే. 2013 మే 17, స్పెయిన్ కప్ అయిన కోపా దెల్ రే ఫైనల్, రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో. 1999 తర్వాత అట్లెటికో రియల్‌ని ఓడించనే లేదు. 0–1తో వెనకబడి ఉన్నప్పుడు మధ్యలో బాల్ అందుకుని, ఒంటి మీద పడుతున్న డిఫెండర్లను కాచుకుని, డియెగో కోస్టాకు దారి చూపిస్తూ పాస్ ఇచ్చింది ఇతనే. 1–1 అయింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో మిరాండా గెలిపించాడు. ఆ పాస్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను.

ఇక ఇక్కడి నుంచి డబ్బు కథ. ప్రపంచంలో అంత పేరున్న స్ట్రైకర్ 27 ఏళ్ల వయసులో ఎక్కడికి వెళ్లాడు? చాంపియన్స్ లీగ్ ఆడే క్లబ్‌కు కాదు. అప్పుడే రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన మొనాకోకు. దాన్ని కొన్న రష్యా శ్రీమంతుడు డిమిత్రి రిబొలోవ్‌లెవ్ డబ్బు కుమ్మరిస్తున్నాడు. ఫాల్కావ్‌కు సుమారు ఆరు కోట్ల యూరోలు, పోర్టో నుంచి తెచ్చిన కొలంబియా కుర్రాడు హామెస్ రోద్రిగెస్‌కు, జువావ్ మౌటిన్యోకు కలిపి ఇంకో ఏడు కోట్లు. అప్పట్లో ఫాల్కావ్ హక్కుల్లో డోయెన్ స్పోర్ట్స్ అనే పెట్టుబడి సంస్థకు కూడా వాటా ఉండేది. అంటే ఆటగాణ్ణి అమ్మితే వచ్చే డబ్బులో క్లబ్‌తో పాటు బయటివాళ్లకూ భాగం. పొలాన్ని నలుగురు కలిసి కొని, ధర పెరిగాక అమ్ముకున్నట్టు. ఆటగాడు ఎక్కడ బాగా ఆడతాడన్న దానికన్నా ఎక్కడ ఎక్కువ ధర పలుకుతాడన్నదే అక్కడ ముఖ్యమైపోతుంది. ఈ పద్ధతిని ఫిఫా 2015 మే నుంచి నిషేధించింది. ఫాల్కావ్ బదిలీలన్నీ ఈ లెక్కతోనే జరిగాయని నేననను. కానీ 2013లో అతను మాడ్రిడ్ వదిలిన తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2014 జనవరి 22. ఫ్రెంచ్ కప్‌లో ఒక చిన్న ఊరి అమెచ్యూర్ జట్టు మీద మ్యాచ్. పెనాల్టీ బాక్స్‌లో గోల్ కొట్టబోతుంటే వెనక నుంచి ట్యాకిల్, ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. ట్యాకిల్ చేసిన కుర్రాడికి కొలంబియా అభిమానుల నుంచి చంపేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. పాపం, అతనేమీ కావాలని చేయలేదు. పోర్టోలో ఆపరేషన్ జరిగింది. కొలంబియా అధ్యక్షుడు హువాన్ మాన్యుయెల్ శాంటోస్ స్వయంగా ఆసుపత్రికి వెళ్లి పలకరించాడు.

అంత హడావిడి ఎందుకంటే, కొలంబియా 16 ఏళ్ల తర్వాత ప్రపంచకప్‌కు అర్హత పొందింది. క్వాలిఫైయర్లలో ఇతనివి తొమ్మిది గోల్స్. బరాంకియాలో చిలీ మీద 0–3 నుంచి 3–3కి లాగిన మ్యాచ్‌లో చివరి రెండు గోల్సూ పెనాల్టీలతో కొట్టి జట్టును బ్రెజిల్ ప్రపంచకప్‌కు చేర్చింది ఇతనే. జూన్‌లో కోచ్ పెకెర్‌మన్ తుది 23 మందిలో ఇతని పేరు పెట్టలేకపోయాడు. కొలంబియా క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది, హామెస్ ఆరు గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. పెళ్లి కుదిర్చినవాడు పెళ్లి భోజనానికి లేనట్టయింది.

ఇప్పుడు మీ బావమరిది కాలానికి వద్దాం. ఏసీఎల్ గురించి అనుభవం మీద చెబుతున్నాను, డాక్టరుగా కాదు. తొడ ఎముక, కాలి ఎముక ఒకదాని మీద ఒకటి జారకుండా, మెలి తిరగకుండా పట్టుకునే తాడు అది. తెగితే ఒంట్లోంచే వేరే చోటి కండర బంధనాన్ని తీసి దాని స్థానంలో వేస్తారు. నడవడం, పరిగెత్తడం తొందరగానే వస్తాయి. అక్కడే మోసపోతాం. నాకు ఆరో నెలలో "ఇక ఆడుకో" అన్నారు, ఆడాను కూడా. నిటారు పరుగులో ఏ తేడా తెలియలేదు. కానీ పరుగులో ఆగి తిరగాల్సి వచ్చినప్పుడు, కాలు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు. ఒక్క పావు సెకను ఆలోచన. ఆ కాలి తొడ కండ రెండో కాలితో సమానం కావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. సమానం అయ్యేసరికి నా స్థానంలో వేరేవాడు ఆడుతున్నాడు.

ఫాల్కావ్ ఆరు నెలల పైచిలుకులోనే తిరిగి వచ్చాడు. ఆగస్టు మొదట్లో లండన్‌లో ఆర్సెనల్ మీద ఫ్రెండ్లీ మ్యాచ్‌లో హెడర్‌తో గోల్ కూడా కొట్టాడు. అందరూ "పులి వచ్చేసింది" అన్నారు. సెప్టెంబరు 1న, బదిలీల ఆఖరి రోజు, మాంచెస్టర్ యునైటెడ్ లోన్ మీద, అంటే కొనకుండా అరువుగా, తీసుకుంది. అక్కడ రూనీ ఉన్నాడు, వాన్ పెర్సీ ఉన్నాడు, కొత్తగా డి మారియా వచ్చాడు. కోచ్ వాన్ గాల్ ఇంకా ఏ పద్ధతిలో ఆడించాలో తేల్చుకోలేదు. లీగ్‌లో 26 మ్యాచ్‌లు, నాలుగు గోల్స్. మార్చిలో అతణ్ణి అండర్-21 జట్టులో ఆడించి, అక్కడ కూడా మధ్యలో బయటికి పిలిచారు. మరుసటి ఏడాది లోన్ మీదే వెళ్లిన చెల్సీలో ఇంకా ఘోరం. మొత్తం సీజన్‌కు ఒక్కటే గోల్.

ఆ మ్యాచ్‌లు నేను చూశాను. చోటు అదే, వెనక భుజం దగ్గరే. దొంగ అడుగు కూడా వేస్తున్నాడు. కానీ దాని తర్వాత రావాల్సిన దూకుడు అర సెకను ఆలస్యంగా వస్తోంది. పాత పాట పాడుతున్నాడు, గొంతు లేదు. మోకాలు ఒక కారణం, ఒప్పుకుంటాను. ఇంకో కారణం, తిరిగి ఊపు అందుకోవాల్సిన ఆటగాడికి వరసగా మ్యాచ్‌లు కావాలి. లోన్ మీద వచ్చినవాణ్ణి ఓపిక పట్టి ఆడించే అవసరం ఏ క్లబ్‌కూ ఉండదు. ఈ వారం ఆడించి, వచ్చే రెండు వారాలు బెంచి మీద కూర్చోబెడితే ఎవరికైనా కాలు బిగుసుకుపోతుంది.

గాయం తర్వాత అందరూ తిరిగి రాలేరు. ఫాల్కావ్ వెళ్లాక పోర్టోలో అతని స్థానాన్ని నింపిన కొలంబియన్ జాక్సన్ మార్టినెస్‌నే తీసుకోండి. పోర్చుగల్ లీగ్‌లో వరసగా మూడేళ్లు టాప్ స్కోరర్. అతనూ అట్లెటికోకే వెళ్లాడు, తర్వాత పెద్ద ధరకు చైనాకు. చీలమండ గాయం పీడించి, ఆ తర్వాత మళ్లీ ఆ స్థాయి ఆట ఆడనేలేదు. అందుకే 2016లో ఫాల్కావ్ మొనాకోకు తిరిగి వచ్చినప్పుడు నేను పెద్దగా ఏమీ ఆశించలేదు. తప్పు నాదే.

కోచ్ లియొనార్డో జార్డిమ్ అతణ్ణి కెప్టెన్ చేశాడు. చుట్టూ కుర్రాళ్లు: బెర్నార్డో సిల్వా, లెమార్, ఫాబిన్యో, శీతాకాలం నుంచి ఎంబాపె అనే పద్దెనిమిదేళ్ల పిల్లాడు. ఆ సీజన్‌లో ఫాల్కావ్ ఆట చూస్తే, పరుగు తగ్గించేశాడు. బాక్స్ బయటికి వచ్చి, వీపు గోల్ వైపు పెట్టి, డిఫెండర్‌ను తన మీదికి రప్పించుకుంటాడు. ఆ ఖాళీలోకి ఎంబాపె దూసుకుపోతాడు. కోపా ఫైనల్లో కోస్టాకు ఇచ్చిన పాస్ గుర్తుపెట్టుకోమన్నానే, ఆ పాత విద్యనే ఇప్పుడు రోజువారీ పనిగా మార్చుకున్నాడు. బాక్స్‌లోకి మాత్రం ఆఖర్న, ఒక్కసారే వస్తాడు. ఎగిరే హెడర్లు తగ్గాయి, ముందుకు వాలి కొట్టేవి పెరిగాయి. లీగ్‌లో 29 మ్యాచ్‌ల్లో 21 గోల్స్, అన్ని పోటీల్లో కలిపి 30. నాలుగేళ్లుగా వరసగా గెలుస్తున్న పారిస్ క్లబ్ పీఎస్‌జీని పక్కకు నెట్టి మొనాకో లీగ్ గెలిచింది, జట్టుగా 107 గోల్స్ కొట్టి. చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది.

2017 ఫిబ్రవరి 21, మాంచెస్టర్ సిటీ మైదానంలో మ్యాచ్. మనకు అర్ధరాత్రి ఒంటిగంటంపావు. నేను వాల్యూమ్ తగ్గించుకుని చూస్తున్నాను, పక్క గదిలో అందరూ పడుకున్నారు. ముందుకు డైవ్ చేస్తూ హెడర్‌తో 1–1 చేశాడు. సగం తర్వాత పెనాల్టీ వచ్చింది, కొట్టాడు, గోల్‌కీపర్ కబయ్యెరో ఆపేశాడు. నాకైతే ఇక అయిపోయిందనిపించింది. పది నిమిషాలకు పైగా గడిచాక, తనకన్నా ఎంతో పొడుగైన జాన్ స్టోన్స్‌ను భుజంతో తోసి నిలదొక్కుకుని, అదే కబయ్యెరో తల మీదుగా బాల్‌ను మెత్తగా లేపాడు. అది వంగి, దిగి, వలలో పడింది. నేను అరిచాను. ఇంట్లో అందరూ లేచారు. మ్యాచ్ మొనాకో 5–3తో ఓడింది, రెండో మ్యాచ్‌లో 3–1తో గెలిచింది. రెండు మ్యాచ్‌లూ కలిపి 6–6 కాగా, అప్పటి నియమం ప్రకారం బయటి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కన ముందుకు వెళ్లింది.

ఆ తర్వాతిది గబగబా చెప్పేస్తాను. 2018 ప్రపంచకప్‌లో, 32 ఏళ్ల వయసులో, పోలండ్ మీద తన మొదటి ప్రపంచకప్ గోల్ కొట్టాడు, కుడికాలి బయటి అంచుతో. ప్రీక్వార్టర్స్‌లో ఇంగ్లండ్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు, ఇతను మాత్రం తనది కొట్టాడు. దేశానికి మొత్తం 36 గోల్స్, కొలంబియా చరిత్రలో అందరికన్నా ఎక్కువ. 2019లో టర్కీలో గలతసరాయ్‌కు, 2021లో మళ్లీ మాడ్రిడ్‌కు. కానీ ఈసారి పనివాళ్ల బస్తీ క్లబ్ రాయో వయ్యెకానోకు. వేరే నంబరు ఖాళీ లేక డిఫెండర్లు వేసుకునే 3వ నంబరు చొక్కా వేసుకున్నాడు. తండ్రి డిఫెండరని ఇందాక చెప్పాను కదా! అక్టోబరులో బార్సిలోనా మీద 1–0 గెలుపు గోల్ ఇతనిదే. ఆ రాత్రే బార్సిలోనా తన కోచ్ రోనాల్డ్ కూమన్‌ను తీసేసింది. 2024లో యూరప్ వదిలి, చిన్నప్పటి నుంచి అభిమానించిన మిల్యొనారియోస్‌కు ఆడటానికి బొగోటా వెళ్లాడు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: మోకాలు అతని దూకుడును తీసుకుపోయింది, తెలివిని తీసుకుపోలేదు. ఇంగ్లండ్‌లో అతను పాత కాలుతో ఆడే ఆటనే కొత్త కాలుతో ఆడబోయాడు. మొనాకోలో కాలుకు తగ్గ ఆట వెతుక్కున్నాడు.

మీ అబ్బాయికి ఒక పని చెప్పండి. గోల్స్ ముక్కలు కాకుండా, బుకారెస్ట్ ఫైనల్, ఆ సిటీ మ్యాచ్ రెండూ పూర్తిగా చూడమనండి. చూసేటప్పుడు బాల్‌ని వదిలేసి 9వ నంబరు చొక్కానే చూడాలి. బాల్ అవతలి రెక్కలో ఉన్నప్పుడు అతను ఎక్కడ నిలబడ్డాడో ఒక కాగితం మీద చుక్కలు పెట్టుకోమనండి. మా అకాడమీలో పిల్లలకు ఇదే హోంవర్క్ ఇస్తాను, మొదట విసుక్కుంటారు, రెండో మ్యాచ్‌కి అలవాటవుతుంది. మీ బావమరిదిని కూడా పక్కన కూర్చోబెట్టండి. సిటీ ఓడిపోయేలా ఉన్న మ్యాచ్ అంటే యునైటెడ్ అభిమాని కాదనడు లెండి.